కాంగ్‌కు గొంతిచ్చిన డ్రమ్మర్

ఆ గొరిల్లా ఎత్తు 18 అంగుళాలు. లోపల లోహపు కీళ్లు, పైన రబ్బరు, ఆ పైన కుందేలు బొచ్చు. మన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' విడుదలైన మరుసటి ఏడాది, 1933 మార్చిలో, న్యూయార్క్ ప్రేక్షకులను హడలెత్తించిన 'కింగ్ కాంగ్' అదే. ఫ్రేముకు ఇంత చొప్పున కదుపుతూ విల్లిస్ ఒబ్రయన్ దానికి నడక నేర్పాడు. గొంతు మాత్రం మర్రే స్పివాక్ ఇచ్చాడు.

స్పివాక్ 1903లో కీవ్‌లో పుట్టాడు, న్యూయార్క్‌లో పెరిగాడు. వృత్తిరీత్యా డ్రమ్మర్. టాకీలు రాగానే హాలీవుడ్ చేరి ఆర్‌కేఓ స్టూడియోలో సౌండ్ ఎఫెక్ట్స్ చూసేవాడు. మాటలు స్పష్టంగా వినిపిస్తే చాలనుకునే కాలమది. లోకంలో లేని జంతువు ఎలా అరుస్తుందన్న ప్రశ్న ఆయన ముందుకొచ్చింది.

సింహగర్జన ఉన్నదున్నట్టు పెడితే ప్రేక్షకుడు సింహమని ఇట్టే పోల్చేస్తాడు. అందుకే సింహం, పులి అరుపులు రెండూ రికార్డు చేశాడు. వేగం తగ్గించాడు. ఒకదాన్ని వెనక నుంచి ముందుకు నడిపి రెండోదానితో కలిపాడు. వేగం సగానికి తగ్గితే శ్రుతి ఒక స్థాయి కిందికి దిగుతుంది, నిడివి రెట్టింపవుతుంది. గొంతు ఎంత లోతైతే ఒళ్లు అంత పెద్దదని మన చెవి లెక్క కడుతుంది. మూరెడు బొమ్మ తెరమీద కొండంత కావడానికి కెమెరా ఎంత కారణమో ఈ లెక్కా అంతే కారణం.

కాంగ్ గుండెలు బాదుకునే చప్పుడుకు డ్రమ్ము పనికిరాలేదు. డ్రమ్ము కర్రతో మనిషి ఛాతీ మీదే కొట్టి, వీపుకు మైకు ఆనించి రికార్డు చేశారు. వాద్యం తెలిసినవాడు కాబట్టే ఏది వాద్యంలా వినిపించకూడదో ఆయనకు తెలిసిందని నా నమ్మకం. నాయిక పట్ల కాంగ్ మెత్తబడే చోట వినిపించే మూలుగు స్పివాక్ సొంత గొంతు. మెగాఫోన్‌లో మూలిగి, దాన్నీ నెమ్మది చేశాడు.

చిత్రం గొప్పగా ఆడింది. ఆస్కార్‌కు ఒక్క నామినేషన్ కూడా రాలేదు. ధ్వనిని అలంకారంగా కాక పాత్రగా మలిచిన పనిని ఆనాడు పట్టించుకోకపోవడం అన్యాయమే. స్పివాక్ సినిమాలకు పనిచేస్తూనే డ్రమ్స్ గురువుగా పేరు పొందాడు. లూయీ బెల్సన్ వంటి జాజ్ దిగ్గజం ఆయన శిష్యుడే. ఆస్కార్ చివరికి 1970లో అందింది. అది 'హలో, డాలీ!' చిత్రానికి శబ్దగ్రహణంలో జాక్ సోలమన్‌తో కలిసి అందుకున్న అవార్డు.