చెరకు సీమలో వృద్ధుల పింఛను: కొంత చరిత్ర

మెదక్ మహాదేవాలయము కట్టిన కథ మన సంఘములలో తెలియని వారుండరు. 1914లో మొదలై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగే వరకు, కరువు రోజుల్లో పోస్నెట్ దొరగారు గింజలు ఊరకే పంచలేదు. రాయి మోసిన వారికి, సున్నము కలిపిన వారికి కూలిగా అన్నము పెట్టారు. ఆకలిగొన్నవాని గౌరవము చెడకుండా కడుపు నింపిన ఆ పద్ధతిని మన పెద్దలు ఎంతో గొప్పగా చెప్పేవారు. చిన్నప్పటి నుండి ఆ కథ విన్నప్పుడెల్లా నాకొక సందేహము కలిగేది. రాయి మోయలేని ముసలివారు ఏమి తిన్నారు? కొడుకు తెచ్చిన కూలిలో వాటా తిని ఉంటారు. కొడుకు లేనివారి సంగతి మాత్రము ఏ కథలోనూ రాదు. ఈ శతాబ్ది సంచికలో మన నిజామాబాదు, బోధన్ ప్రాంతము వరకు ఆ సంగతి కొంత వ్రాయదలచాను.

1923లో ఆరంభించి 1931లో పూర్తి చేసిన నిజాంసాగర్ (ఇప్పుడది కామారెడ్డి జిల్లాలో ఉంది) మంజీర నీటిని మన పొలాలకు తెచ్చింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ అనే ఇంజనీరు పేరు ముసలివారికి ఇంకా గుర్తే. నీరు రాగానే చెరకు వచ్చింది, చెరకు వెనుకనే 1930ల చివరలో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఆసియాలోనే పెద్దదని దానికి పేరుండేది. వేల ఎకరాల స్వంత చెరకు తోటలు, క్వార్టర్లు, దవాఖానా, బడి, రాత్రింబగళ్ళు మ్రోగే సైరను! మన సంఘస్థులు ఎందరో అక్కడ పనిచేశారు. అంతవరకు మన పల్లెల్లో మనిషి నడుము వంగే దాకా పనిచేసి, ఆ తరువాత కొడుకు చేతి వైపు చూసేవాడు. నెల జీతము, పని మానవలసిన వయస్సు, మానిన తరువాత చేతికి వచ్చే డబ్బు అనే మూడు క్రొత్త సంగతులను ఫ్యాక్టరీ నేర్పింది.

ఆ డబ్బు ఎలా వచ్చేదో కొంచెము వివరముగా చెప్పాలి, ఎందుకంటే తీసుకునే వారిలోనే చాలామందికి దాని లెక్క తెలియదు. 1952 నాటి ప్రావిడెంట్ ఫండ్ చట్టము ప్రకారము కార్మికుని జీతములో కొంత కోసి, యజమాని కొంత కలిపి దాచేవారు. 1972 చట్టముతో గ్రాట్యుటీ వచ్చింది. పనిచేసిన ఏడాదికి పదిహేను రోజుల జీతము చొప్పున ఇస్తారు. 1971లో కుటుంబ పింఛను వచ్చింది గాని అది కార్మికుడు చనిపోతే ఇంటివారికి వచ్చేదే. బ్రతికి ఉన్న కార్మికునికి నెలనెలా పింఛను అన్నది 1995 నవంబరు 16 నుండి అమలైన ఉద్యోగుల పింఛను పథకముతోనే వచ్చింది. పథకములో ఒక మంచి మాట ఉన్నది: సీజనులో మాత్రమే పనిచేసే వారికి ఆ సీజను పనినే పూర్తి సంవత్సరముగా లెక్కిస్తారు. చక్కెర ఫ్యాక్టరీ వారికి అది చిన్న మేలు కాదు. రైతుల పొలాల్లో చెరకు నరికిన కూలీలు మాత్రము ఏ పట్టీలోనూ లేరు.

ఇక లెక్క. జీతమును సర్వీసు సంవత్సరాలతో హెచ్చించి 70 చేత భాగించాలి. అయితే నిజమైన జీతము కాదు, ప్రభుత్వము పెట్టిన పరిమితి వరకే. ఆ పరిమితి మొదట 5,000, 2001 నుండి 6,500, 2014 సెప్టెంబరు నుండి 15,000 రూపాయలు. 1978లో చేరి 2010లో రిటైరైన ఒక కార్మికుని అనుకుందాము. 1995 తరువాతి పదిహేనేళ్ళకు 6,500ను 15తో హెచ్చించి 70తో భాగిస్తే సుమారు 1,393 రూపాయలు. ముందటి పదిహేడేళ్ళకు కలిసేది స్వల్పమైన స్థిర మొత్తము. ముప్పై రెండేళ్ళు బాయిలర్ల దగ్గర నిలబడిన మనిషికి నెలకు వచ్చేది ఇంతే. సర్కారు ఉద్యోగి పింఛనుకున్నట్లు దీనికి కరువు భత్యము లేదు. బియ్యము ధర పెరిగినా, మందుల ధర పెరిగినా ఆ అంకె కదలదు.

2002లో ఫ్యాక్టరీలో 51 శాతము వాటా ప్రైవేటు వారి చేతికి వెళ్ళి, నిజాం దక్కన్ షుగర్స్ అనే పేరు వచ్చింది. 2015 డిసెంబరు 23న బోధన్, ముత్యంపేట, మంబోజిపల్లి యూనిట్లు మూడూ మూతబడ్డాయి. తెరిపించే ప్రయత్నముల గురించి పత్రికలలో చాలా వచ్చింది, దాని జోలికి పోను. పింఛను సంగతి మాత్రము చూడండి. 58 ఏళ్ళు నిండక ముందే పని పోయినవారికి ఇంట్లో ఇబ్బంది వల్ల ముందుగానే పింఛను తీసుకోవలసి వస్తుంది. అలా తీసుకుంటే ముందు తీసుకున్న ఒక్కో ఏటికి 4 శాతము చొప్పున తగ్గిస్తారు, అదీ జన్మాంతము. ఫ్యాక్టరీ మూసినది కార్మికుడు కాదు గాని కోత పడేది అతనికే. 2016 దివాలా చట్టములో ఒక రక్షణ ఉన్నది: మూతబడిన కంపెనీ ఆస్తులను అమ్మి అప్పులవారికి పంచేటప్పుడు కార్మికుల ప్రావిడెంట్ ఫండు, పింఛను, గ్రాట్యుటీ నిధుల సొమ్మును ఆ ఆస్తులలో కలపరాదు. ఇది మన వారిలో ఎంతమందికి తెలుసు?

నిజామాబాదు పట్టణము వైపు వస్తే చెరకు బదులు బీడీ. చేట ఒడిలో పెట్టుకుని తునికాకు కత్తిరిస్తూ కూర్చునే స్త్రీలు లేని వాడ ఈ చుట్టుపక్కల అరుదు. ఇంట్లో కూర్చుని చుట్టే ఆమె కార్మికురాలు కాదని యజమానులు వాదిస్తే, 1985లో సుప్రీం కోర్టు ఆమె కూడా ఉద్యోగియే, ప్రావిడెంట్ ఫండు ఆమెకూ వర్తిస్తుందని తీర్పు చెప్పింది. మంచి తీర్పే. కాని బీడీల కూలి తక్కువ, కనుక దానిపై లెక్కించే పింఛనూ తక్కువే. ఆపైన ఏటేటా తాను బ్రతికి ఉన్నానని రుజువు చూపాలి. జీవితమంతా ఆకు చుట్టి అరిగిన వేళ్ళ ముద్రను యంత్రము గుర్తించక తిరిగి వచ్చిన తల్లులను నేనే చూశాను.

మరి ఏ పట్టీలోనూ లేనివారికి? రాజ్యాంగము 41వ అధికరణము వృద్ధాప్యములో సహాయము పొందే హక్కును పేర్కొన్నది, కాని రాజ్య ఆర్థిక శక్తి మేరకు అనే మాట దానితోనే ఉన్నది. 1995 ఆగస్టు 15న పి.వి. నరసింహారావుగారి ప్రభుత్వము 65 ఏళ్ళు దాటిన నిరుపేదలకు నెలకు 75 రూపాయల కేంద్ర సహాయము ప్రారంభించింది. 2006లో అది 200 అయింది. 2011లో 80 దాటిన వారికి 500 చేశారు గాని, మిగిలిన వారికి కేంద్రము వాటా ఆ 200 దగ్గరే ఆగిపోయింది. తెలంగాణ వచ్చాక 2014 నవంబరులో ఆసరా పేరుతో రాష్ట్రము 1,000 ఇచ్చింది. 2015లో బీడీ కార్మికులను చేర్చింది. 2019లో 2,016 అయింది. 2021లో వృద్ధాప్య పింఛను వయస్సును 57కు దించారు. 2023 ఎన్నికలలో 4,000 మాట వినబడింది. ఇంతకన్న మేలు ఈ ప్రాంతపు ముసలివారికి ఏదీ జరగలేదని నిస్సంకోచముగా చెప్పగలను. ముసలమ్మకు ఇంట్లో మాట చెల్లుబాటయినది ఆ డబ్బు వచ్చాకనే.

అయితే తేదీలను జాగ్రత్తగా చూస్తే రెండు పింఛనుల తేడా కనబడుతుంది. ఆసరా ఎన్నికల చుట్టూ పెరుగుతూ వచ్చింది. కాని దాని వెనుక ఉన్నది ప్రభుత్వ ఉత్తర్వు, శాసనసభ చేసిన చట్టము కాదు. ఫ్యాక్టరీ పింఛను వెనుక పార్లమెంటు చట్టమున్నది. కాని ఆ అంకె పెరగదు. 2014 సెప్టెంబరులో దాని కనీస మొత్తమును 1,000 చేశారు, పదేళ్ళు గడిచినా అక్కడే నిలిచింది. కాబట్టి 2019 నాటికి, జీతములో నుండి ఏళ్ళ తరబడి కట్టించుకున్న ఫండుపై వచ్చే కనీస పింఛను 1,000, ఏమీ కట్టనివారికి వచ్చేది 2,016 అయింది. కట్టనివారికి ఎక్కువ వచ్చిందని బాధపడటము లేదు. హక్కుగా సంపాదించుకున్నది దయగా ఇచ్చిన దానికన్న చిన్నదైపోయిందే, అది బాధ. 1982లో నకారా కేసులో సుప్రీం కోర్టు పింఛను యజమాని దయాభిక్ష కాదని చెప్పింది. ఆ కేసు సర్కారు ఉద్యోగులది. ఆ మాట శక్కర్‌నగర్ దాకా రాలేదు.

ఈ విషయములో సంఘము చేయగలిగినది ఏమున్నది అని కొందరడుగుతారు. వారికొక పాత సంగతి చెబుతాను. లండనులో వాల్వర్త్ అనే పేద వాడలో బ్రౌనింగ్ హాలు అనే ప్రార్థనా కేంద్రము ఉండేది. 1898లో న్యూజీలాండ్ వృద్ధాప్య పింఛను చట్టము చేసిందని విని, అక్కడి పాస్టరు ఫ్రాన్సిస్ హెర్బర్ట్ స్టెడ్ ఆ హాలులోనే సభ పెట్టించాడు. పేదల స్థితిగతులను ఇల్లిల్లు తిరిగి లెక్కగట్టిన చార్లెస్ బూత్ వచ్చి మాట్లాడాడు. కార్మిక సంఘములను కలుపుకొని ఒక జాతీయ కమిటీ ఏర్పడింది. పదేళ్ళు ఊరూరా సభలు జరిగాయి. 1908లో బ్రిటిషు పార్లమెంటు చట్టము చేసింది. 1909 జనవరి 1 నుండి 70 ఏళ్ళు దాటిన పేదలకు వారానికి అయిదు షిల్లింగులు పోస్టాఫీసులో ఇచ్చారు. మొదలైనది ఒక చిన్న సంఘములో. మన వద్దా అర్జీ వృథా పోలేదు. ఫ్యాక్టరీ పింఛనుదారుల అర్జీని రాజ్యసభ అర్జీల కమిటీ భగత్‌సింగ్ కోషియారీ అధ్యక్షతన విచారించి, 2013లో కనీసము 3,000 ఇవ్వాలని సిఫారసు చేసింది. వచ్చినది వెయ్యే, అర్జీ లేకపోతే అదీ రాకపోయేదని నా నమ్మకము.

మన సంఘములు సహాయము చేయలేదని కాదు. డిచ్‌పల్లిలో రాజా నర్సాగౌడ్ గారి విరాళముతో, డాక్టరు ఇసబెల్ కెర్ అమ్మగారి శ్రమతో 1915లో వెలసిన కుష్ఠు వైద్యశాల ఇంటివారు వదిలిన ఎందరికో ఇల్లయింది. అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయములో విధవరాండ్రకు దినదిన ఉపచారములో అన్యాయము జరిగిందని సణుగు పుట్టినప్పుడు, అపొస్తలులు సణిగిన వారిని గద్దించలేదు, ఒక్కపూట భోజనము పెట్టి పంపలేదు. ఏడుగురిని నియమించి ఏర్పాటునే మార్చారు. మనము భోజనము దగ్గర ఆగిపోయామేమో. ఒక మాట ఇంటి గురించి కూడా: మిషను కాంపౌండులలో ఆయాగా, కావలివానిగా జీవితము గడిపినవారికి ఫండు కట్టామా అని ముందు మనలను మనమే అడగాలి. ఇరవైమంది ఉద్యోగులుంటే చట్టము మనకూ చట్టమే.

చెరకు పొలము కొడుకు పేర వ్రాసి, తరువాత అన్నానికి వెతుక్కునే తండ్రుల సంగతి అందరికీ తెలిసినదే. దేవునికి అర్పించామని చెప్పి తలిదండ్రులకు ఎగవేసే వారిని ప్రభువు గద్దించిన మాట మనకు తెలుసు. 2007 చట్టము ప్రకారము అట్టివారు బోధన్‌లో గాని, నిజామాబాదులో గాని ఆర్.డి.ఓ. అధ్యక్షతన ఉండే ట్రిబ్యునలులో వకీలు లేకుండానే అర్జీ పెట్టుకోవచ్చు. చట్టము వ్రాసినప్పుడు పెట్టిన పరిమితి ప్రకారము నెలకు 10,000 రూపాయల వరకు ఇప్పించవచ్చు. వ్రాసిచ్చిన ఆస్తిని తిరిగి పొందే వీలూ ఉన్నది. కాని పోషిస్తాడనే షరతు దస్తావేజులోనే ఉండాలని 2022లో సుప్రీం కోర్టు ఒక తీర్పులో అన్నది. 2025లో మరొక తీర్పు వృద్ధుల పక్షముగా కొంత ఉదారముగా చూసింది గాని, ఆ ఒక్క వాక్యము వ్రాయించుకోవడమే క్షేమము.

చివరగా వయస్సు సంగతి. మన పెద్దలలో చాలామందికి కార్డులలో జనవరి 1 అనే పుట్టినరోజు ఉన్నది. ఎవరో రాసుకున్న అంచనా అది. రెండేళ్ళు తక్కువ పడితే రెండేళ్ళ పింఛను పోతుంది. 1908 చట్టము వచ్చినప్పుడు ఐర్లండులో ఇదే చిక్కు వచ్చింది. అక్కడ అందరి జననములను నమోదు చేయడము 1864లో గాని మొదలు కాలేదు. అప్పుడు ముసలివారి కొరకు 1841, 1851 జనాభా లెక్కల కాగితాలు, గుడుల బాప్తిస్మపు రిజిస్టర్లు తిరగవేశారు. మన పాస్టరేట్లలోనూ అట్టి రిజిస్టర్లు ఉన్నవి. మా పాస్టరేటులో ఒకటి వెస్ట్రీలోని ఇనుప బీరువాలో, చెదలు కొంత తిన్న అంచులతో ఉన్నది. మొన్న అయ్యగారి అనుమతితో తీసి చూస్తే, 57 దాటినా ఇంకా పింఛను రాని ముగ్గురి పేర్లు, తేదీలతో సహా, ఒకే పేజీలో కనబడినవి.