వడ్రంగి పేరుతో మసీదు

తెలుగు నేల మీద ఒకే ఊరిని రెండు పేర్లతో పిలుస్తారు. అదీ పక్కపక్క ఇళ్ళలోనే. తెలుగు బైబిల్ చదివే ఇంట్లో అది అంతియొకయ. యేసు శిష్యులకు మొట్టమొదట క్రైస్తవులన్న పేరు పడింది అక్కడేనని అపొస్తలుల కార్యములు చెబుతుంది. ఉర్దూ తఫ్సీర్ ఉన్న ఇంట్లో అది అంతాకియా. యాసీన్ సూరాలో ఊరి చివరి నుంచి ఒక మనిషి పరుగెత్తుకుంటూ వస్తాడు. దేవుడు పంపినవాళ్ళ మాట వినండని తనవాళ్ళను బతిమాలతాడు. వాళ్ళ చేతుల్లోనే ప్రాణం పోగొట్టుకుంటాడు. ఖురాన్ ఆ ఊరి పేరూ చెప్పలేదు, ఆ మనిషి పేరూ చెప్పలేదు. ఊరు అంతాకియా అనీ, మనిషి హబీబ్ నజ్జార్ అనీ వ్యాఖ్యాతలు రాశారు. నజ్జార్ అంటే వడ్రంగి. ఊరి సంగతి ఇబ్న్ కసీర్ ఒప్పుకోలేదు, అది వేరే వాదన. కానీ మా ఇళ్ళల్లో కొనఊపిరితో ఉన్నవాళ్ళ మంచం పక్కన కూర్చుని చదివేది యాసీనే. ఆ లెక్కన ఆ వడ్రంగి మా గడప తొక్కనివాడు కాదు.

ఆ ఊరు టర్కీలో, సిరియా సరిహద్దు దగ్గర ఉంది. ఇప్పుడు అంటాక్యా అంటున్నారు. హతాయ్ ప్రాంతానికి అదే ముఖ్యపట్టణం. 2023 ఫిబ్రవరి 6న తెల్లవారుజామున 4 గంటల 17 నిమిషాలకు 7.8 తీవ్రతతో భూమి కదిలింది. అదే మధ్యాహ్నం 7.5 తీవ్రతతో మరోటి వచ్చింది. రెండు వారాల తర్వాత, ఫిబ్రవరి 20న, హతాయ్‌లోనే ఇంకోటి వచ్చి మిగిలిన గోడల్ని కూడా పడేసింది. టర్కీలో 53 వేల మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో సగానికి దగ్గరగా ఒక్క హతాయ్ వాళ్ళే.

భూకంపం అనే మాటను మేమూ వాడుకున్నాం. 1998లో వచ్చిన తెలుగు ముస్లిం కవితా సంకలనం పేరు 'జల్‌జలా'. కవిత్వంలో జల్‌జలా వస్తే కోటలు కూలుతాయి. నిజంగా వచ్చినప్పుడు అది నేల ఎక్కడ మెత్తగా ఉందో, ఎవరి స్తంభంలో ఇనుము తక్కువుందో వెతుక్కుంటుంది. అంటాక్యా ఆసీ నది ఒండ్రు మీద పెరిగిన ఊరు. మెత్తని మట్టిలో కుదుపు ఎక్కువవుతుంది. దానికి తోడు 2018లో అక్కడి ప్రభుత్వం రుసుము కట్టించుకుని దేశమంతా అక్రమ కట్టడాలను సక్రమం చేసింది. మన దగ్గర బీపీఎస్ తెచ్చినట్టే. డబ్బు కడితే కాగితం చేతికొస్తుంది, స్తంభంలోకి ఇనుము రాదు.

ఈ ఊరికి కూలడం కొత్త కాదు. క్రీస్తుకు ముందు 300లో సెల్యూకస్ కట్టించాడు. 115లో భూకంపం వచ్చినప్పుడు రోమ్ చక్రవర్తి ట్రాజన్ ఊళ్ళోనే ఉన్నాడు. గాయాలతో బయటపడి గుర్రప్పందేల మైదానంలో తలదాచుకున్నాడు. 526లో వచ్చినదానికి రెండున్నర లక్షల మంది పోయారని ఆనాటి చరిత్రకారుడు మలాలస్ రాశాడు. అంకె పెంచాడేమో, విధ్వంసం మాత్రం అబద్ధం కాదు. రెండేళ్ళకే, 528లో, మళ్ళీ వచ్చింది. ఊరికి పేరు మారిస్తేనన్నా గండం గడుస్తుందనుకున్నారు కాబోలు, దేవుని నగరమని అర్థం వచ్చేలా థియోపోలిస్ అని పెట్టారు. పేరు నిలవలేదు, భూకంపాలు ఆగలేదు. 638 ప్రాంతంలో అబూ ఉబైదా నాయకత్వంలోని సైన్యానికి లొంగింది. 1098లో క్రూసేడర్లు పట్టుకున్నారు. 1268లో మమ్లూక్ సుల్తాన్ బైబర్స్ వాళ్ళ నుంచి తీసుకున్నాడు. 1872లో మళ్ళీ కూలింది.

ఇన్నిసార్లు కూలిన ఊళ్ళో పాతది ఏముంటుందని అడగొచ్చు. మా సమాధానం, అక్కడ పాతవి స్థలాలు. గోడలు మారాయి, స్థలాలు మారలేదు. పాతబస్తీలో కుర్తులుష్ వీధి రోమన్ల నాటి స్తంభాల రాజవీధి మీదే నడుస్తుంది. ఆ వీధిలోనే హబీబ్ నజ్జార్ మసీదు ఉంది. 2023లో కూలింది 19వ శతాబ్దంలో ఒట్టోమన్లు తిరిగి కట్టిన కట్టడం. లోపల మెట్లు దిగి నేలమాళిగలోకి వెళ్తే హబీబ్ సమాధి. ఆయన్ని చంపినప్పుడు తల కొండ మీంచి దొర్లుకుంటూ ఇక్కడికొచ్చి ఆగిందని స్థానికుల కథ. ఆ కొండ పేరూ హబీబ్ నజ్జారే. అదే మసీదులోని మరికొన్ని సమాధుల్ని ఈసా నబీ శిష్యులవని చూపిస్తారు. ఈసా నబీ మాట నమ్మి చచ్చిపోయిన ఒక వడ్రంగి పేరు మీద మసీదు. ఇక్కడ మన దర్గాల ముందు నిలబడి, ఇది మీదా మాదా అని తగువు పెట్టుకునే పెద్దమనుషులు ఒకసారి ఆ మెట్లు దిగి రావాలి.

భూకంపంలో ఆ మసీదు గుమ్మటం పడిపోయింది, మినార్ పడిపోయింది. పెద్ద మసీదు ఉలు జామి నేలమట్టమైంది. పీటర్, పాల్ పేర్లతో ఉన్న ఆర్థోడాక్స్ చర్చి 1872లో పడిపోతే మళ్ళీ కట్టుకున్నారు. ఆ కట్టుకున్నదే ఇప్పుడు రాళ్ళ కుప్పయింది. 1938-39లో హతాయ్ కొన్ని నెలలపాటు ప్రత్యేక రాజ్యంగా ఉన్నప్పుడు శాసనసభ నడిచిన భవనం కూడా పోయింది. యూదుల ప్రార్థనాలయం దెబ్బతింది. అప్పటికి ఊళ్ళో మిగిలిన యూదులు ఇరవై మంది కూడా లేరు. వాళ్ళ సమాజ పెద్ద, ఆయన భార్య శిథిలాల కింద చనిపోయారు. తోరా చుట్టల్ని ఇస్తాంబుల్‌కి తీసుకుపోయారు. రెండు వేల ఏళ్ళకు పైబడిన కాపురం అక్కడితో ఎత్తేసినట్టయింది.

భాష సంగతి కూడా చెప్పాలి. ఈ నేల 1939లో టర్కీలో కలిసింది. ఆ తర్వాత బడి టర్కిష్‌లోనే, కచ్చేరీ టర్కిష్‌లోనే. అక్కడి క్రైస్తవులూ, అరబ్బు అలవీ ముస్లింలూ ఇంట్లో అరబ్బీ మాట్లాడుకుంటూ వచ్చారు. పిల్లల తరం వచ్చేసరికి అరబ్బీ వినడానికే మిగిలింది, రాయడానికి లేదు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, పిల్లలకు ఉర్దూ అక్షరాలు రాకపోవడం - ఇవి తెలిసిన మాకు ఆ ఇళ్ళు ఎలా ఉంటాయో ఎవరూ వర్ణించి చెప్పక్కర్లేదు. అలాంటి భాష బళ్ళో బతకదు, వాడలో బతుకుతుంది. వాడ కూలి, మనుషులు తలో ఊరూ పట్టుకుంటే భాష కూడా చెదిరిపోతుంది. కూలిన కట్టడాల జాబితాలో దాన్ని రాసుకునేవాళ్ళు లేరు.

భూకంపం తర్వాత పాతబస్తీ శిథిలాల్ని యంత్రాలతో ఊడ్చెయ్యొద్దనీ, చెక్కిన రాళ్ళని ఏరి భద్రపరచాలనీ పురావస్తు నిపుణులు మొత్తుకున్నారు. పనైతే మొదలైంది. లండన్‌కు చెందిన ఫోస్టర్ అండ్ పార్ట్‌నర్స్ భాగస్వామ్యంతో నగర ప్రణాళిక 2024లో బయటికొచ్చింది. ఊరి అంచుల్లో ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ టోకీ అపార్ట్‌మెంట్లు వరసగా లేపింది. పాతబస్తీ నడక మాత్రం వేరు. ఇరుకు సందులు, నడవాల చుట్టూ రాతి ఇళ్ళు, ఒక్కో ఇంటికి పదిమంది వారసులు. 2023 నవంబరులో చట్టం సవరించి, 'రిజర్వు ప్రాంతం' అని ప్రకటించిన చోట నిలబడి ఉన్న ఇళ్ళ స్థలాల్ని కూడా కొత్త నిర్మాణం కిందికి తీసుకునే వీలు కల్పించారు. మా వాకిలి మాకొస్తుందా, ఇంకెక్కడో ఫ్లాటు చేతిలో పెడతారా అని జనం రోడ్డెక్కారు. పట్టణాభివృద్ధి పేరుతో ఇళ్ళు పోగొట్టుకున్న ఏ బస్తీలోనైనా ఇదే ప్రశ్న వినబడుతుంది.

టర్కీలో చారిత్రక మసీదుల మంచిచెడ్డలు ప్రభుత్వ వక్ఫు శాఖ చూస్తుంది. చర్చికి కూడా అక్కడ వక్ఫే ఉంది, ఆర్థోడాక్స్ సమాజం నడుపుకునేది. మాట ఒకటే, చేతిలో ఉన్న బలం ఒకటి కాదు. మసీదు లేస్తుంది, అందులో సఫులు నిండుతాయి, మాకు ఆ అనుమానం లేదు. చర్చి గోడలు లేచాక లోపల నిలబడేదెవరు? భూకంపానికి ముందే కొన్ని వందల కుటుంబాలకు తగ్గిన సమాజం. వాళ్ళలో చాలామంది మెర్సిన్ వైపు వెళ్ళిపోయారు. అక్కడ పిల్లలు బడుల్లో చేరారు. ప్రతి ఏడూ తిరిగొచ్చే దారి ఇంకాస్త దూరమవుతుంది.

ఈ దేశంలో మేం చిన్న లెక్క. పురాతన మసీదు గోడ పగిలితే ఎవరు చూస్తారు, వక్ఫు భూమి ఎటు పోయింది అని అడుగుతూనే ఉన్నాం. అంటాక్యాలో మా మతం పెద్ద లెక్క. ఇక్కడ మా కోసం అడిగిందే అక్కడ చర్చి కోసం, ఖాళీ అయిన యూదుల గుడి కోసం, అలవీల వాడ కోసం అడగకపోతే మా ప్రశ్నకు విలువ లేదు. 'మనవాళ్ళ దేశం గురించి ఎందుకు తవ్వుతారు' అనే మిత్రులున్నారు. ఊరివాళ్ళందరూ ఒక వైపు నిలబడ్డప్పుడు వాళ్ళకు ఎదురుగా పరుగెత్తుకొచ్చిన మనిషి కథని చావు దగ్గర చదివేది మనమేనని వాళ్ళకి గుర్తు చేస్తున్నాం.

అంతియొకయ పేట్రియార్క్ అనే బిరుదు ఈనాటికీ ఐదు చర్చిల అధిపతులకు ఉంది. ఐదుగురిలో ఒక్కరూ ఆ ఊళ్ళో ఉండరు. ఆర్థోడాక్స్ పేట్రియార్క్ పీఠం 14వ శతాబ్దంలోనే డమాస్కస్‌కు మారిపోయింది. ఊళ్ళో ఉండిపోయినవాళ్ళు, పండుగకి బయటి నుంచి వచ్చినవాళ్ళు కలిసి, భూకంపం తర్వాత చర్చి ఆవరణలో శిథిలాల పక్కనే ప్రార్థన జరుపుకున్నారు.