ఫీడింగ్ కుర్తీ: పాత కుర్తీకి రెండు జిప్‌లు చాలు.. కానీ ఎక్కడ పెట్టాలన్నదే అసలు సంగతి!

బస్సులోనో, పెళ్లింట్లోనో పసిబిడ్డ ఆకలితో గుక్కపెట్టి ఏడుస్తుంటే.. వెనక హుక్స్ ఉన్న డ్రెస్‌తో తల్లి పడే అవస్థ అంతా ఇంతా కాదు. ఇంట్లో కుట్టు మిషన్ ఉంటే ఫీడింగ్ కుర్తీ కొనక్కర్లేదు. వదులుగా ఉన్న కాటన్ కుర్తీ, రెండు నైలాన్ జిప్‌లు చాలు.

చాలామంది మధ్యలో ఒకటే పొడవాటి జిప్ పెట్టేస్తారు. అది తీస్తే ఛాతీ అంతా తెరుచుకుంటుంది. నలుగురిలో ఇబ్బందే కదా! అందుకే రెండు వైపులా నిలువుగా ఒక్కోటి పెట్టడం మేలు. ప్రిన్సెస్ కట్ కుర్తీ అయితే ఆ కుట్టునే విప్పి 8 నుంచి 10 అంగుళాల జిప్ వేసేయొచ్చు. మామూలు కుర్తీకి చాక్‌పీస్‌తో గీత గీసుకోవాలి. కొలత మాత్రం నిలబడి కాదు.. బిడ్డను పట్టుకున్నట్టు ఒళ్లో దిండు పెట్టుకుని కూర్చుని చూసుకోవాలి. జిప్ లోపలివైపు మెత్తటి గుడ్డ పట్టీ తప్పనిసరి. లేదంటే బిడ్డ బుగ్గ గీసుకుపోతుంది.

ఇక గర్భంతో ఉన్నప్పుడే కొత్తగా కుట్టుకునేవారు గుడ్డను నీళ్లలో నానబెట్టి, ఆరాకే కత్తెర వేయాలి. పొట్ట పెరిగేకొద్దీ ముందు భాగం పైకి లేస్తుంది కాబట్టి అక్కడ 2 అంగుళాల పొడవు ఎక్కువ ఉంచాలి. కాన్పయ్యాక పాలు పడ్డప్పుడు ఛాతీ కొలత మళ్లీ పెరుగుతుంది. బిగుతు బట్టల వల్ల పాలు గడ్డకట్టి నొప్పి వచ్చే అవకాశమూ ఉంది. చంకల కింద రెండు పక్కలా అంగుళంన్నర మార్జిన్ వదిలితే, అప్పుడు కుట్టు విప్పుకుంటే సరిపోతుంది. ప్యాంటుకు ఎలాస్టిక్ కంటే బొందే నయం.. నెలనెలా వదులు చేసుకోవచ్చు.