సీఎంఎల్ బ్లడ్ క్యాన్సర్: అప్పుడు మూడున్నరేళ్లు.. ఇప్పుడు దాదాపు నిండు ఆయుష్షు!

బ్లడ్ క్యాన్సర్ అనగానే ఇక అంతే అనుకునే రోజులు పోయాయి. ఏటా లక్షలో ఒకరిద్దరికి వచ్చే క్రానిక్ మైలాయిడ్ లుకేమియానే తీసుకుంటే.. స్వీడన్ క్యాన్సర్ రిజిస్ట్రీ లెక్కల ప్రకారం 1980లో 55 ఏళ్ల వయసులో ఈ జబ్బు బయటపడిన పురుషులు ఆ తర్వాత సగటున మూడున్నరేళ్లే బతుకుతారని అంచనా. 2010 నాటికి అది 27 ఏళ్లు దాటింది. జబ్బు లేనివాళ్ల ఆయుష్షుకు దాదాపు దగ్గరగా వచ్చేసింది. ఇందుకు ప్రధాన కారణం 2001లో అమెరికాలో అనుమతి పొందిన ఇమాటినిబ్ మాత్ర. 9, 22 క్రోమోజోముల ముక్కలు తారుమారై పుట్టే అసాధారణ ప్రోటీన్‌ను ఇది అడ్డుకుంటుంది. 2003లో హైదరాబాద్‌కు చెందిన నాట్కో దీని జెనరిక్‌ను తక్కువ ధరకే తెచ్చింది. అయితే.. బాగానే ఉంది కదా అని మధ్యలో మానేస్తే జబ్బు తిరగబెట్టే ముప్పుంది. డాక్టర్ చెప్పకుండా మాత్ర ఆపొద్దు.