జామాయిలు తోట: పుష్కరకాలపు పద్దు

వరి సేద్యము చేయు రైతునకు లెక్క ఒక్క పంటతో తేలిపోవును. ఒక ఏడు నష్టము వచ్చినను మరుసటి ఏడు పైరు మార్చుకొను స్వేచ్ఛ అతనికి కలదు. తోట వేసినవాని స్థితి అట్టిది కాదు. మొక్క నాటిన దినముననే అతడు తన భూమిని పెక్కేండ్లకు ఒక చెట్టునకు అప్పగించుచున్నాడు. కావున తెలుగు రైతులు జామాయిలు అనియు, నీలగిరి అనియు పిలుచు యూకలిప్టసు చరిత్రను పొలము గలవారెల్లరు తెలిసికొనదగును.

ఈ వృక్షమునకు పుట్టినిల్లు ఆస్ట్రేలియా ఖండము. మొగ్గపై మూతవంటి కప్పు ఉండుటచే, ‘చక్కగా కప్పబడినది’ అను అర్థము వచ్చునట్లు 1788లో లెరితియే అను ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు గ్రీకు పదములతో దీనికి పేరు కూర్చెను. మన దేశమున ఇది మొదట రాజోద్యానమున అడుగిడినది. 1790 ప్రాంతమున టిప్పు సుల్తాను బెంగుళూరు సమీపమునగల నందికొండపై తన తోటలో దీనిని నాటించెనని చెప్పుదురు. 1843లో ఆంగ్లేయులు నీలగిరి కొండలపై నాటిరి. ఉదకమండలమున జనము పెరిగి, వంటచెరకునకై అచటి షోలా అడవులు తరుగుచుండగా, 1856 నుండి దీనిని తోటలుగా పెంచసాగిరి. చెట్టునకు ఆ కొండల పేరే స్థిరపడినది. అయినను అది చల్లని కొండలకు తగిన జాతి. మైదానములలో వ్యాపించినది నందికొండ సంతతియగు ‘మైసూరు గమ్’ అను వేరొక జాతి.

అంతవరకు ఈ చెట్టు రాజునకు వేడుక, ప్రభుత్వమునకు వంటచెరకు; రైతునకు పైరు కాదు. దానిని పైరుగా మార్చినది కాగితము. పూర్వము కాగితపు మిల్లులు అడవులలోని వెదురుపై ఆధారపడెడివి. వెదురు చాలక వచ్చినకొలది కలపగుజ్జు అవసరము పెరిగెను. 1975లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ అటవీ అభివృద్ధి సంస్థ నీలగిరి తోటలు వేసెను. 1979లో భద్రాచలమునకు చేరువలో, గోదావరి ఒడ్డున, సారపాకయందు కాగితపు కర్మాగారము పని మొదలిడెను. 1988 నాటి జాతీయ అటవీ విధానము, పరిశ్రమలు తమకు వలయు కలపను అడవులనుండి గాక, రైతులతో నేరుగా సంబంధము పెట్టుకొని పండించుకొనవలెనని నిర్దేశించెను. అప్పుడు మిల్లుచూపు పొలముపై పడినది.

విత్తనముతో మొలచిన మొక్కలు ఒక్కతీరున పెరుగవు. ఒకటి నిటారుగ సాగును, ప్రక్కది గిడసబారును. 1989లో సారపాక మిల్లువారు మేలైన చెట్లను ఏరి, వాని మోళ్లనుండి వచ్చిన లేత చిగుళ్లను కత్తిరించి, మంచువలె నీటి తుంపరలు కురియు గదులలో వేళ్లు పట్టించు పనికి పూనుకొనిరి. తల్లిచెట్టు గుణములన్నియు పిల్లమొక్కకు వచ్చును. ‘భద్రాచలం క్లోనులు’ అను పేర ఈ మొక్కలు ఖమ్మము మొదలు కోస్తా జిల్లాలవరకు, పిమ్మట పర రాష్ట్రములకును వ్యాపించెను.

ఇక పద్దు చూతము. మూడు మీటర్లకు రెండు మీటర్ల ఎడమున నాటినచో ఎకరమునకు సుమారు 670 మొక్కలు పట్టును. నాలుగవ ఏట నరికి, బెరడు ఒలిచి, టన్నుల లెక్కన అమ్ముదురు. మోళ్లు మరల చిగిర్చును. బలమైన పిలకను నిలిపి తక్కినవి తీసివేసిన మరి నాలుగేండ్లకు రెండవ కోత, ఆపైన మూడవది. మూడు కోతలకు పండ్రెండేండ్లు. గోదావరికి ఒక పుష్కరము వచ్చి మరల పుష్కరము వచ్చువరకు ఆ భూమి ఆ చెట్టుదే.

జమ ఇంతటితో ముగిసినది. ఖర్చు ఇంకను కలదు. 1980 తరువాత గుజరాతు, హర్యానా ప్రాంతముల రైతులు ఒకరినిచూచి ఒకరు ఈ తోటలు వేసిరి. అందరి చెట్లును ఒక్కమారు కోతకు రాగా, ఆ దశాబ్ది చివర ధర కూలిపోయెను. కర్ణాటకమున కోలారు ప్రాంతమున రాగిచేలు నీలగిరి తోటలైనవి. రాగికి కలుపు, కోత, నూర్పిడి కలవు. తోటకు అట్టి పని లేదు. భూస్వామికి అది సుఖమే కాని, కూలివానికి కూడు పోయినది. 1983లో తుమకూరు జిల్లాలో రైతు సంఘమువారు నర్సరీలోని మొక్కలను పెరికివేసిరి. 2017లో ఆ రాష్ట్ర ప్రభుత్వమే కొత్తగా నాటుటను నిషేధించినది.

నీటి పద్దును గూర్చి వాదములు పెక్కు. త్రాగిన నీటికి తగినంత కలప ఇచ్చునని చెట్టు పక్షమువారందురు. అది అసత్యము కాదు. కాని వేగముగ పెరుగునది వేగముగనే త్రాగును. వాన తక్కువైనచోట లోతు వేళ్లతో నేలలోని తడిని లాగివేయును. పొరుగు రైతు బావి ఆ లెక్కలో చేరదు. ఇవిగాక 2000 తరువాత ఆకు ఈనెలపై బొడిపెలు కట్టించు చిన్న కందిరీగ ఒకటి వచ్చి తోటలను పీడించినది. ఒకే తల్లి పిల్లలతో నిండిన తోటలో ఒక చెట్టునకు లొంగిన తెగులు అన్నింటిని లొంగదీయును.

చెట్టు దుష్టమనుట గాని, కల్పవృక్షమనుట గాని సరికాదు. మెట్ట చెలకలలో దీనివలన అప్పు తీర్చుకొన్నవారును కలరు. మిల్లు దూరమై బండి కిరాయికే సొమ్మంతయు పోగొట్టుకొన్నవారును కలరు. కొనువారు కొద్దిమంది, అమ్మువారు వేలమంది అయినచోట ధర అమ్మువాని చేతిలో నుండదు. కావున గుంట త్రవ్వకముందే మిల్లు ఎంతదూరము, నరకుడు కూలి ఎంత, పొరుగు బావి ఏపాటిది, పండ్రెండేండ్లు ఇంటికి గింజలు ఎచటినుండి వచ్చునని నాలుగు ప్రశ్నలు వేసికొనవలెను. రాజు తోటలో పొరపాటు జరిగిన రాజ్యము మునుగదు. రెండెకరముల రైతు చేలో జరిగిన పొరపాటు పుష్కరకాలము ఆ ఇంటిని విడువదు.