రెండు బొటనవేళ్ల చేతితొడుగు

ఐస్‌లాండ్‌లో పూర్వం జాలరులు వేసుకున్న ఉన్ని చేతితొడుగుకు రెండు బొటనవేళ్లుండేవి. ఒకటి ఈ పక్క, ఒకటి ఆ పక్క. మొదటిసారి చూసినప్పుడు అల్లినావిడ లెక్క తప్పిందేమో అనుకున్నాను. తప్పలేదు. తెడ్డు రాపిడికి, గేలపుతాడు ఒరిపిడికి అరచేతి వైపు ముందు అరుగుతుంది. అప్పుడు తొడుగు తిప్పి వేసుకుంటే వీపు అరచేయి అవుతుంది. అంతదాకా ఖాళీగా వేలాడిన రెండో బొటనవేలికి అప్పుడు పని దొరుకుతుంది. వేళ్లు కొంకర్లుపోయే చలిలో, చీకట్లో, ఊగే పడవలో ఏది కుడి ఏది ఎడమ అని తడుముకునే బాధ కూడా లేదు. ఇంట్లో మసక దీపం ముందు కూర్చుని అల్లిన మనిషి, సముద్రం మీది మనిషి చేతుల గురించి అంత ఆలోచించింది.

రేక్యావిక్‌లోని సముద్రయాన మ్యూజియం చూసొచ్చాక చాలామంది చెప్పేది ఒకటే కథ. సైన్యమే లేని చిన్న దేశం, బ్రిటిష్ నౌకాదళానికి ఎదురొడ్డి గెలిచిన కథ. ఆ కథ నిజమే, చెప్పుకోవలసిందే. కానీ అక్కడ తిరుగుతున్నంతసేపు నన్ను తొలిచింది వేరే ప్రశ్న. చేప మనదని తేలాక, ఆ ‘మన’లో ఎవరెవరు ఉంటారు?

మ్యూజియం ఉన్నది పాత రేవు పక్కన, గ్రాండి అనే చోట. భవనం ఒకప్పుడు చేపలు కోసి గడ్డకట్టించే కార్ఖానా. 2005లో మ్యూజియంగా తెరిచారు. ఇప్పుడున్న ‘చేపలు, మనుషులు’ ప్రదర్శన 2018లో మొదలైంది. తెడ్ల పడవల నుంచి ఇవాళ్టి భారీ ట్రాలర్ల దాకా నూటయాభై ఏళ్ల కథ అందులో ఉంది. ఈ రేవును 1913, 1917 మధ్య కట్టారు. రాళ్లు మోయడానికి రెండు చిన్న రైలింజన్లు తెప్పించారు. ఐస్‌లాండ్‌లో రైలింజన్ మొదట నడిచింది ఈ రేవు కోసమే. జనాన్ని మోసే రైలు ఆ దేశంలో ఇప్పటికీ లేదు.

కార్ఖానా గోడల మధ్య తిరుగుతుంటే ముందు గుర్తుకొచ్చేది పడవలు కాదు, కత్తులు పట్టుకున్న ఆడవాళ్లు. సముద్రం మీద మగవాళ్లు, ఒడ్డున ఆడవాళ్లు అన్నది స్థూలంగా ఆ దేశపు ఏర్పాటు. అంతకుముందు ఉప్పుచేపల కాలంలో చన్నీళ్ల తొట్ల దగ్గర నిలబడి కాడ్ చేపలు కడిగిందీ, రాళ్ల మీద ఆరబెట్టిందీ, మబ్బు పడితే ఉరుకుల మీద కుప్పవేసిందీ వాళ్లే. ఆ చేప స్పెయిన్ వంటిళ్లకు పోయేది. కూలి మగవాళ్ల కంటే తక్కువ. మన తీరంలో ఇసుక మీద చేపలు పరిచి, కాకుల్ని తోలుతూ, వానొస్తే పరుగెత్తే ఆడవాళ్లను చూసినవాళ్లకు ఈ దృశ్యాన్ని విడమరచి చెప్పక్కర్లేదు. ఎండలో మాత్రమే తేడా. హల్డోర్ లాక్స్‌నెస్ ఈ ఉప్పుచేపల ఊరినే ‘సల్కా వల్కా’ నవలగా రాశాడు. ఆయనకు 1955లో నోబెల్ వచ్చింది.

అంతకు వెనకటి ఐస్‌లాండ్ అంటే తెడ్ల పడవ. ఆరు తెడ్లది, ఎనిమిది తెడ్లది. చలికాలం చివర్లో పొలం పనులు లేనప్పుడు పాలేర్లు మంచులో రోజుల తరబడి నడిచి తీరానికి చేరేవాళ్లు. మట్టి, రాళ్లతో కట్టిన గుడిసెల్లో వసంతం దాకా కాపురం. గొర్రెతోలు దుస్తులకు చేప కాలేయం నూనె పట్టిస్తే నీళ్లు దిగవు. ఆ గుడిసెలో వాసన మీరే ఊహించుకోండి. తిండి ఎండుచేప, దానిమీద వెన్న. కాళ్లకు చేపతోలు చెప్పులు. అవి త్వరగా అరిగిపోయేవి కాబట్టి పశ్చిమ కొండదారుల దూరాన్ని ఎన్ని జతలు అరుగుతాయో ఆ లెక్కన చెప్పేవాళ్లట. కోసుల కంటే నిక్కచ్చి కొలత.

ఆ పడవల మీద ఆడవాళ్లు బొత్తిగా లేరనుకోకండి. స్టోక్సేరి తీరంలో థూరిదుర్ ఐనార్స్‌దోత్తిర్ అనే ఆవిడ (1777–1863) పదకొండేళ్లకే తండ్రితో వేటకు వెళ్లింది. పెద్దయ్యాక తానే పడవకు తండేలు అయింది. ఆమె పేరు పక్కన తండేలు అనే మాట ఇంటిపేరులా అతుక్కుపోయింది. ఏళ్ల తరబడి పడవ నడిపినా ఒక్క మనిషినీ సముద్రానికి ఇవ్వలేదని ఆ తీరంలో చెప్పుకుంటారు. లంగాతో తెడ్డు వేయడం కుదరదని ప్యాంటు తొడుక్కుంది. దానికి అధికారుల అనుమతి తెచ్చుకోవలసి వచ్చింది.

ఇంత కష్టపడి పట్టిన చేప మీద పెత్తనం మాత్రం వేరేవాళ్లది. 1602 నుంచి 1787 దాకా డెన్మార్క్ రాజు అనుమతించిన వ్యాపారులకే అమ్మాలి. కన్నుగప్పి వచ్చేవాళ్లూ ఉన్నారు. 1659లో పడమటి తీరంలో మునిగిన డచ్చి ఓడ ‘మెల్క్‌మెయిట్’ డేనిష్ జెండా కట్టుకుని వచ్చింది. దాని శకలాలను 1992లో కనుగొన్నారు. పాత ఐస్‌లాండ్ చిహ్నం మీద కిరీటం పెట్టిన ఎండుచేప బొమ్మ ఉండేది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో దాన్ని తీసేసి డేగను పెట్టారు. నన్నడిగితే చేపే నయం.

1902లో ఈసాఫ్యోర్దుర్ అనే ఊళ్లో ‘స్టాన్లీ’ అనే ఆరు తెడ్ల పడవకు రెండు గుర్రాల శక్తి ఉన్న చిన్న ఇంజన్ బిగించారు. దేశంలో మొదటి మోటారు పడవ అదే. 1905లో ‘కూట్’ అనే పాత ట్రాలర్‌ను కొన్నారు, 1907లో కొత్తది కట్టించుకున్నారు. రాబడి పెరిగింది. నిద్ర పోయింది. వల నిండుతున్నంతసేపు డెక్కు మీది మనుషులు రెండు మూడు రోజులు ఏకబిగిన నిలబడి చేపలు కోసేవాళ్లు. ట్రాలర్ మీది నావికుడికి రోజుకు ఆరు గంటల విశ్రాంతి ఇవ్వాలని 1921లో పార్లమెంటు చట్టం చేసింది. 1928లో దాన్ని ఎనిమిది చేశారు, 1955లో పన్నెండు. మనిషి నిద్రకు చట్టం కావలసి వచ్చింది! మ్యూజియంలో ఎన్ని యంత్రాలు చూసినా, ఈ మూడు అంకెలే నాకు ఆ వృత్తి చరిత్రను ఎక్కువగా చెప్పాయి.

హెర్రింగ్ చేప కథ పొట్టిది. మన కవళ్లకు దాయాది ఇది. ఉత్తరాన సిగ్లుఫ్యోర్దుర్ ఊరు దాని మీదే పెరిగింది. పీపాల లెక్కన కూలి తీసుకుంటూ రాత్రింబవళ్లు ఉప్పు వేసిన అమ్మాయిలు ఆ కాలపు నాయికలు. నీళ్లలో చేపల గుంపును పసిగట్టే యంత్రం, వలను పైకి లాగే యంత్రం వచ్చాక 1966లో పట్టు శిఖరానికెక్కింది. మూడేళ్లలో చేప మాయమైంది. సముద్రం చల్లబడడమూ ఒక కారణమే కానీ, ఎక్కువ పాపం వలదే. కరెన్సీ విలువ రెండేళ్లలో రెండుసార్లు తగ్గించారు. జనం స్వీడన్‌కు, ఆస్ట్రేలియాకు కూలికి పోయారు. ఆ భయం మీదనే బ్రిటన్‌తో తర్వాతి చేపల యుద్ధాలు జరిగాయి.

మ్యూజియం వెనక రేవులో ‘ఓదిన్’ కట్టేసి ఉంది. తీరరక్షక దళపు ఓడ. 1959లో డెన్మార్క్‌లో కట్టారు, 2006లో పనిమానింది. మూడు కాడ్ యుద్ధాలూ చూసిన ఓడ ఇది.

కాడ్ యుద్ధం అన్న పేరు వింటే నవ్వొస్తుంది. 1901లో డెన్మార్క్, బ్రిటన్ కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం ఐస్‌లాండ్ తీరానికి మూడు మైళ్ల అవతలంతా అందరిదీ. బ్రిటిష్ ట్రాలర్లు వాకిట్లోకి వచ్చి పట్టుకుపోయేవి. 1944లో గణతంత్రమయ్యాక ఐస్‌లాండ్ ఆ గీతను జరపడం మొదలుపెట్టింది. 1952లో నాలుగు మైళ్లు, 1958లో పన్నెండు, 1972లో యాభై, 1975లో రెండు వందలు. నాలుగు మైళ్లకే బ్రిటిష్ రేవులు ఐస్‌లాండ్ చేపను దించనివ్వలేదు. సోవియట్ యూనియన్ కొనుక్కుంది. తర్వాతి మూడుసార్లూ బ్రిటన్ యుద్ధనౌకల్ని పంపింది. ఐస్‌లాండ్ దగ్గర ఉన్నది ‘ఓదిన్’ లాంటి గస్తీ ఓడలు, వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని.

ఇంకొకటి కూడా ఉంది. కత్తెర. నాలుగు కొక్కేలున్న లంగరు లాంటి ఇనప వస్తువు, కొక్కేల సందుల్లో పదునైన అంచులు. గస్తీ ఓడ దాన్ని తాడుతో నీళ్లలో ఈడ్చుకుంటూ ట్రాలర్ వెనకనుంచి అడ్డంగా దాటుతుంది. వలను లాగే ఉక్కుతాడు ఆ కొక్కెంలో పడితే తెగుతుంది. అంతే, వల, అందులోని చేప, ఆ రోజు సంపాదన అన్నీ అడుక్కి. తూటాతో పనిలేదు. 1972 సెప్టెంబరు 5న ‘ఐగిర్’ అనే గస్తీ ఓడ దీన్ని మొదటిసారి వాడింది. ఎదురుగా పేరు, నంబరు కనపడకుండా చేసుకున్న ట్రాలర్. ఎవరు మీరని అడిగితే రేడియోలో ‘రూల్ బ్రిటానియా’ పాట వేశారు. తాడు తెగాక బొగ్గు పెళ్లలు, చెత్త, ఒక గొడ్డలి విసిరారు. అది ‘పీటర్ స్కాట్’ అనే ఓడని తర్వాత తేలింది.

మూడో యుద్ధం మొరటుది. ఓడలు ఓడల్ని గుద్దుకున్నాయి. బ్రిటన్ వంతులవారీగా ఇరవైకి పైగా యుద్ధనౌకలు పంపింది. జనాభా రెండు లక్షల పైచిలుకు ఉన్న ఐస్‌లాండ్ 1976 ఫిబ్రవరిలో బ్రిటన్‌తో దౌత్య సంబంధాలు తెంచుకుంది. దాని దెబ్బ కెఫ్లావిక్‌లోని నాటో స్థావరం మీద పడుతుందేమోనన్న బెంగ అమెరికాకు పట్టుకుంది. అసలు కత్తెర అక్కడుంది. సోవియట్ జలాంతర్గాముల మీద కన్నువేసే ఆ స్థావరం కోసం మిత్రులే బ్రిటన్‌కు నచ్చజెప్పారు. జూన్‌లో ఒప్పందం కుదిరింది. ఆరు నెలల పాటు 24 ట్రాలర్లు, ఆ తర్వాత ఒక్కటీ లేదు.

ఈ కథలో ఎవరూ కలపని రెండు తేదీలున్నాయి. 1975 అక్టోబరు 15న రెండు వందల మైళ్ల గీత అమల్లోకి వచ్చింది. తొమ్మిదో రోజు, అక్టోబరు 24న, దేశంలోని ఆడవాళ్లు నూటికి తొంభై మంది పని మానేశారు. మా పని విలువ ఏమిటో ఒక్కరోజు చూడండి అని. చేపల కార్ఖానాలు మూతపడ్డాయి. కత్తి పట్టేవాళ్లు లేకపోతే రెండు వందల మైళ్ల చేప ఎవరికోసం?

ఆ మరుసటి ఏడు, 1976 ఆగస్టులో మన పార్లమెంటు కూడా రెండు వందల మైళ్ల ఆర్థిక మండలం చట్టం చేసింది. ఆ దశాబ్దంలో ప్రపంచమంతా సముద్రం మీద గీతలు గీసుకుంది. నీళ్ల మీది గీత కంటికి కనపడదు. గుజరాత్ పడవల్లో కూలికి వెళ్లిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారులు 2018 నవంబరులో అలాంటి ఒక గీత దాటారని పాకిస్తాన్ పట్టుకుపోయింది. ఇరవై మంది 2020 జనవరిలో వాఘా దగ్గర మన గడ్డ మీద కాలు పెట్టారు.

ఐస్‌లాండ్‌లో గెలుపు తర్వాతి అంకం గురించి జనం ఇంకా గొడవపడుతూనే ఉన్నారు. కాడ్ తగ్గిపోతోందని 1984లో కోటాలు పెట్టారు. అంతకుముందు మూడేళ్లలో ఏ పడవ ఎంత పట్టిందో, దాన్నిబట్టి దానికి వాటా. 1990 చట్టం ఆ వాటాలను అమ్ముకోవచ్చంది. అదే చట్టం మొదటి నిబంధన, సముద్ర సంపద జాతి ఉమ్మడి ఆస్తి అంటుంది. చేపలు నిలదొక్కుకున్న మాట నిజం. ఆ మేలు కాదనలేం. కానీ పడవ యజమాని వాటా అమ్ముకుని వెళ్లిపోతే, ఊళ్లో చేపలు కోసిన మనిషికి అమ్ముకోవడానికి ఏమీ లేదు. పశ్చిమ తీరంలో రేవు ఉండి, చేప ఉండి, పట్టే హక్కు లేని పల్లెలు మిగిలాయి. 2007లో ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కమిటీ ఈ ఏర్పాటు వివక్షేనని చెప్పింది. పెద్ద కంపెనీలు కట్టే చేపల రుసుము పెంచే చట్టం 2025 జూలైలో గానీ గట్టెక్కలేదు, అదీ పార్లమెంటులో ఎడతెగని వాదన తర్వాత.

మొదటి మోటారు పడవ పుట్టిన ఈసాఫ్యోర్దుర్ ఇప్పుడు ఇంకొకందుకు ప్రసిద్ధం. కాడ్ తోలును శుద్ధిచేసి మానని పుండ్ల మీద వేసే కెరెసిస్ కంపెనీ అక్కడిది. 2023లో దాన్ని డెన్మార్క్ కంపెనీ ఒకటి 130 కోట్ల డాలర్ల దాకా పెట్టి కొనడానికి ఒప్పుకుంది. చెప్పులు కుట్టుకున్న చేపతోలే! తలలు ఎండబెట్టి నైజీరియా పంపిస్తారు. రెండు బొటనవేళ్ల తొడుగు అల్లిన చేతుల వారసత్వం ఇక్కడ బాగానే కనిపిస్తుంది.

‘ఓదిన్’ డెక్కు మీద నిలబడ్డప్పుడు మాత్రం నాకు కత్తెర కంటే ముందు 1968 ఫిబ్రవరి గుర్తొచ్చింది. ఆ చలికాలం కొన్ని వారాల వ్యవధిలో ఇంగ్లండ్‌లోని హల్ రేవుకు చెందిన మూడు ట్రాలర్లు మునిగి 58 మంది పోయారు. ఓడల మీద రేడియో మనిషిని ఉంచండి, భద్రత చూడండి అంటూ హల్ ఆడవాళ్లు తలకు స్కార్ఫులు కట్టుకుని లిలియన్ బిలోకా వెంట వీధికెక్కారు. మూడో ఓడ మునిగింది ఈసాఫ్యోర్దుర్ దగ్గరి నీళ్లలోనే. తుపాను తుంపర పడ్డచోటల్లా గడ్డకట్టి, మంచు బరువుకు ఓడ ఒరిగిపోయింది. అదే రాత్రి ఇంకో ఇంగ్లండ్ రేవైన గ్రిమ్స్‌బీకి చెందిన ట్రాలర్ ‘నాట్స్ కౌంటీ’ ఆ పక్కనే ఒడ్డెక్కి చిక్కుకుంది. ‘ఓదిన్’ తన మీది మంచు తానే కొట్టుకుంటూ దాని దగ్గరకు చేరింది. ఇద్దరు మనుషులు రబ్బరు పడవలో అలల్లోకి దిగారు. పద్దెనిమిది మందిని తెచ్చారు.

నాలుగేళ్ల తర్వాత ఇదే ‘ఓదిన్’, గ్రిమ్స్‌బీ వలల వెంట కత్తెర ఈడ్చుకుంటూ తిరిగిన దళంలో ఉంది.