కొటేషన్‌లో కనిపించని వరుసలు: ధర్మపురి ఇళ్లలో డెస్క్‌టాప్ ఎంపిక

ధర్మపురి నుంచి ఉత్తరానికి జాతీయ రహదారి పట్టుకుంటే బెంగళూరు సుమారు 130 కిలోమీటర్లు. దక్షిణానికి సేలం 65 కిలోమీటర్లు. చెన్నై దాదాపు మూడు వందలు. ఇంటికి డెస్క్‌టాప్ కొనాలనుకున్న ధర్మపురివాళ్లకు మొదటి లెక్క ఈ దూరాలతోనే. విడిభాగాలు చవగ్గా దొరికేది బెంగళూరు ఎస్పీ రోడ్డులోనో, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో. పాడైతే పట్టుకెళ్లాల్సింది మాత్రం ఊళ్లో ఉన్న మెకానిక్ దగ్గరికో, సేలానికో.

ఇంకో లెక్క భాషది. 1965 అక్టోబరు 2న సేలం జిల్లా నుంచి విడివడిన ధర్మపురి జిల్లాలో 2004 ఫిబ్రవరి దాకా కృష్ణగిరి, హోసూరు కూడా ఉండేవి. బడిలో తమిళం, ఇంట్లో తెలుగు లేదా కన్నడం మాట్లాడే కుటుంబాలకు ఆ నేల పెట్టింది పేరు. అలాంటి ఇంటికి వచ్చే కంప్యూటర్ ఏ లిపి చూపిస్తుంది, ఏ లిపిలో రాయనిస్తుంది అన్నది ప్రాసెసర్ వేగమంత ముఖ్యమైన ప్రశ్న. దుకాణంవాడి కొటేషన్‌లో దానికి చోటే ఉండేది కాదు.

నలభై ఏళ్లుగా ఆ కాగితం మీద పై వరుస మారుతూనే వచ్చింది. ఒకప్పుడు మెగాహెర్ట్జ్, తర్వాత గిగాహెర్ట్జ్, ఆ తర్వాత కోర్ల సంఖ్య. యంత్రం ఇంట్లో ఎన్నేళ్లు ఉపయోగపడిందో తేల్చినవి మాత్రం కింది వరుసలు, అసలు రాయని వరుసలు: మెమరీ, లిపి, కరెంటు.

ఐబీఎం పీసీ 1981 ఆగస్టులో అమెరికాలో బయటికొచ్చింది. 4.77 మెగాహెర్ట్జ్ ఇంటెల్ 8088 ప్రాసెసర్, 16 కిలోబైట్ల మెమరీ, ధర 1,565 డాలర్లు. అప్పటికి ఐబీఎం మన దేశం విడిచి వెళ్లి మూడేళ్లయింది. 1984 నవంబరులో రాజీవ్ గాంధీ ప్రభుత్వం తెచ్చిన కొత్త కంప్యూటర్ విధానం దిగుమతుల ముడులు కొంత సడలించాక హెచ్‌సీఎల్, విప్రో, జెనిత్ వంటి సంస్థలు ఐబీఎం నమూనా పీసీలు తయారుచేయడం మొదలుపెట్టాయి. తమిళనాడులో ఆ రోజుల్లో పెద్ద సంచలనం చెన్నై స్టెర్లింగ్ కంప్యూటర్స్ వారి సివా పీసీ. సి. శివశంకరన్ దాన్ని 33,000 రూపాయలకు అమ్మకానికి పెట్టేసరికి అంతకు రెట్టింపుకు పైగా ధర చెబుతున్న పోటీదారులు ఉలిక్కిపడ్డారు. అయినా 33,000 రూపాయలంటే అప్పటి జిల్లా పట్టణంలో మధ్యతరగతి ఇల్లు తూగగలిగే మొత్తం కాదు. ఆ యంత్రాలు ఫ్యాక్టరీ ఆఫీసులకూ ఆడిటర్ల గదులకూ టైపింగ్ ఇన్‌స్టిట్యూట్లకూ చేరాయి. ఇళ్లకు రాలేదు.

తెలుగు కావాలంటే అప్పట్లో ఒక భాగం విడిగా కొనాల్సివచ్చేది. ఐఐటీ కాన్పూర్ పరిశోధనల్లో పుట్టి, పుణె సీ-డ్యాక్‌లో తయారైన జిస్ట్ కార్డు అది. క్యాబినెట్ మూత విప్పి, మదర్‌బోర్డు మీద ఖాళీగా ఉన్న స్లాట్‌లో ఆ పొడవాటి కార్డు గుచ్చితే, డాస్ మీద నడిచే మామూలు ప్రోగ్రాములు మన లిపుల్లో అక్షరాలు చూపించేవి. తెలుగు, తమిళం, కన్నడం అన్నిటికీ ఒకే కార్డు, ఒకే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరిక. అంటే 1990 ప్రాంతంలో మూడు భాషల మధ్య బతికేవాళ్లకు సరైన స్పెసిఫికేషన్ ఏదంటే, జిస్ట్ కార్డు పట్టేటట్టు ఒక స్లాట్ ఖాళీగా ఉన్న బోర్డు. అచ్చు పని చేసేవాళ్లకైతే ప్యారలల్ పోర్టు కూడా. ఆ దశాబ్దంలో వచ్చిన లిపి ప్యాకేజీల్లో కొన్ని ఆ పోర్టుకు డాంగిల్ తగిలిస్తే తప్ప తెరుచుకునేవి కావు.

ఆ ప్యాకేజీలు ఒకదాని భాష ఒకదానికి తెలియకుండా పెరిగాయి. ఒక ఫాంటులో టైపు చేసిన పెళ్లి శుభలేఖను ఇంకో సిస్టంలో తెరిస్తే పిచ్చి గీతలు వచ్చేవి. 1991 అక్టోబరులో వెలువడిన యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగుకూ తమిళానికీ చోటు దొరికినా, ఆ చోటు ఇంటి కంప్యూటర్‌కు చేరడానికి పదేళ్లు పట్టింది. విండోస్ 2000లో తమిళం, హిందీ వచ్చాయి, తెలుగు రాలేదు. తెలుగు, కన్నడం 2001 అక్టోబరులో విండోస్ ఎక్స్‌పీతో వచ్చాయి. ధర్మపురిలాంటి చోట ఈ ఇరవై నెలల తేడా ఎంత ముఖ్యమో ఊహించవచ్చు. ఒకే ఇంట్లో, ఒకే యంత్రం మీద బడి భాష కనిపించేది, అమ్మ భాష డబ్బాలు డబ్బాలుగా కనిపించేది.

ఎక్స్‌పీ వేసినంత మాత్రాన తెలుగు కూడా వచ్చేసేది కాదు. కంట్రోల్ ప్యానెల్‌లో రీజినల్ ఆప్షన్స్ తెరిచి, భాషల పేజీలో సంక్లిష్ట లిపుల పక్కనున్న చిన్న గడిలో టిక్కు పెట్టాలి. వెంటనే అది ఎక్స్‌పీ సీడీ అడిగేది. అసెంబుల్డ్ సిస్టం బిగించిన కుర్రాడు సీడీ తనతో పట్టుకుపోయి ఉంటే తెలుగు అక్కడితో ఆగిపోయేది. సీడీ ఉంటే గౌతమి ఫాంటుతో అక్షరాలు విచ్చుకునేవి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు ఉచితంగా అందించిన పోతన, వేమన ఫాంట్లు కూడా తోడైతే, చదవడానికి కళ్లు నొప్పి పుట్టని తెలుగు ఇంటి తెర మీద మొదటిసారి నిలిచింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలయ్యేనాటికి దాన్ని చదవగలిగే యంత్రం ఏదన్న ప్రశ్నకు జవాబు ఇదే: ఎక్స్‌పీ, దాని సీడీ, ఆ టిక్కు.

ఇక మెమరీ. ఎక్స్‌పీకి 64 మెగాబైట్లు ఉంటే చాలని మైక్రోసాఫ్ట్ అట్ట మీద రాసింది, 128 ఉంటే మంచిదని సలహా ఇచ్చింది. ఆ 128 పట్టుకుని దుకాణాలు లక్షల సిస్టంలు అమ్మాయి. అసలు చిక్కు ఎక్కడంటే, చవక బోర్డుల్లో గ్రాఫిక్స్ విడిగా ఉండదు, బోర్డే చూసుకుంటుంది, దానికి కావలసిన మెమరీని ర్యామ్‌లోంచే తీసుకుంటుంది. 128లో 32 అలా పోతే మిగిలేది 96. దాని మీద యాంటీవైరస్ ఒకటి. అదే డబ్బుతో ఒక మెట్టు తక్కువ ప్రాసెసర్ తీసుకుని 256 వేయించుకున్న ఇంట్లో అదే ఎక్స్‌పీ ఏళ్ల తరబడి హాయిగా నడిచింది. 2005లో హెచ్‌సీఎల్ 9,990 రూపాయలకే పీసీ ప్రకటించినప్పుడు దేశమంతా వార్త అయింది. అందులో వయా ప్రాసెసర్, 128 మెగాబైట్లు, విండోస్ బదులు లైనక్స్. పదివేలకు కంప్యూటర్ అన్న ఆశయం గొప్పది. కానీ ఆ మెమరీ దగ్గర గీత గీసేయడం కొనేవాళ్లకు మేలు చేయలేదు.

గిగాహెర్ట్జ్ మోజు అప్పటికి తారాస్థాయిలో ఉంది. 2000 మార్చిలో ఏఎండీ అథ్లాన్ ఒక గిగాహెర్ట్జ్ దాటింది. నవంబరులో ఇంటెల్ పెంటియం 4ను 1.4, 1.5 గిగాహెర్ట్జ్‌లతో దించింది. అంకె పెద్దదే. చాలా పనుల్లో మాత్రం అంతకన్నా తక్కువ అంకె ఉన్న అథ్లాన్ దాన్ని దాటిపోయింది. ఒక్కో క్లాక్ సైకిల్‌లో ఎంత పని జరుగుతుందన్నది ఆ అంకె చెప్పదు. జనం అంకెనే చూస్తున్నారని గ్రహించిన ఏఎండీ 2001లో 1.53 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌కు ‘1800+’ అని పేరు పెట్టింది. ఇంటెల్ 2004లో 3.8 దాకా వెళ్లి, వేడి తట్టుకోలేక 4 గిగాహెర్ట్జ్ మోడల్‌ను రద్దు చేసుకుంది. 2006 జులైలో వచ్చిన కోర్ 2 డ్యుయో 1.86 గిగాహెర్ట్జ్‌తోనే ఆ పాత మూడు గిగాహెర్ట్జ్‌లను వెనక్కి నెట్టింది. అంతకు ఆరు నెలల ముందు 3 గిగాహెర్ట్జ్ పెంటియం 4కు ఎక్కువ ధర పోసినవాళ్లు ఆ వేడినీ ఫ్యాను హోరునూ వేసవి మధ్యాహ్నాల్లో ఏళ్లపాటు భరించారు.

ఆ కాలపు యంత్రాలను చంపింది ప్రాసెసర్ కాదు, కెపాసిటర్లు. 1999 నుంచి 2007 దాకా ప్రపంచమంతటా మదర్‌బోర్డుల్లో, వాటికి కరెంటు అందించే ఎస్ఎంపీఎస్‌లలో నాసిరకం ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు దూరాయి. క్యాబినెట్ పక్క తలుపు తీసి చూస్తే ప్రాసెసర్ చుట్టూ వేలి కొసంత గొట్టాల్లా నిలబడి ఉండేవి అవే. బాగున్నదాని నెత్తి చదునుగా ఉంటుంది. చెడిపోతున్నది ఉబ్బుతుంది, గీత పడిన చోట పగిలి గోధుమరంగు జిగురు కారుతుంది. సిస్టం తనంతట తానే ఆగి మళ్లీ మొదలవడం మొదటి లక్షణం. సేలంలో, ధర్మపురిలో రేడియోలు, టీవీలు బాగుచేసే చేతులకు ఈ రోగం కొత్తది కాదు. పది ఇరవై రూపాయల కెపాసిటర్ మార్చి బోర్డు బతికించగలరు. ‘500 వాట్లు’ అని స్టిక్కర్ అంటించి క్యాబినెట్‌తో కలిపి ఇచ్చే చవక ఎస్ఎంపీఎస్‌లు అందులో సగం కూడా నిలకడగా ఇవ్వలేవు. కరెంటు వృథా తక్కువని చాటే 80 ప్లస్ గుర్తు 2004లో అమెరికాలో మొదలైనా ఇక్కడి ఇళ్ల కొటేషన్లలోకి రావడానికి చాలా ఏళ్లు పట్టింది.

కరెంటు ధర్మపురికి విడిగా చెప్పుకోవలసిన అధ్యాయం. 2008 నుంచి తమిళనాడు కరెంటు కొరతలో కూరుకుపోయింది. 2012 నాటికి చెన్నైకి బయట ఉన్న జిల్లాల్లో కోత రోజుకు పది గంటలు దాటింది. ఆ ఏళ్లలో డెస్క్‌టాప్ ఎంపిక అంటే యూపీఎస్ ఎంపికే. దుకాణాల్లో మామూలుగా ఇచ్చే 600 వీఏ యూపీఎస్‌లో ఉండేది 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఒకటి. లెక్క కడితే 84 వాట్ అవర్లు. పాత సీఆర్‌టీ మానిటర్ ఒక్కటే డెబ్బయి, ఎనభై వాట్లు తినేది. సిస్టంతో కలిపి రెండు వందల దాకా వెళ్తే కాగితం మీద పాతిక నిమిషాలు, చేతికొచ్చేది పది. అదే యూపీఎస్‌కు పాతిక వాట్ల ఎల్‌సీడీ తగిలిస్తే బ్యాకప్ దాదాపు మూడో వంతు పెరిగేది. చదువుకునే పిల్లల ఇళ్లలో మానిటర్ మార్చినందువల్ల వచ్చిన లాభం, ప్రాసెసర్ మార్చినా వచ్చేది కాదు. రోజుకు నాలుగైదుసార్లు కరెంటు తెగే చోట హార్డ్ డిస్క్ కూడా ఆ దెబ్బలు తినేది. 2011 అక్టోబరులో థాయ్‌లాండ్ వరదలకు ఫ్యాక్టరీలు మునిగి హార్డ్ డిస్క్ ధర రెట్టింపైన నెలల్లో, డిస్క్ పోగొట్టుకున్న ఇంటి బాధ ఎంతటిదో చెప్పనక్కరలేదు.

అదే ఏడాది సెప్టెంబరు 15న జయలలిత ప్రభుత్వం విద్యార్థులకు ఉచిత ల్యాప్‌టాప్ పథకం మొదలుపెట్టింది. 2011 జనగణన లెక్కల్లో రాష్ట్రంలో అక్షరాస్యత అందరికన్నా తక్కువున్న జిల్లా ధర్మపురి. దేశం మొత్తమ్మీద కంప్యూటర్ ఉన్న ఇళ్లు నూటికి పదిలోపే. అలాంటి జిల్లాలో ప్లస్ టూ చదివే పిల్ల చేతికి, 2 గిగాబైట్ల ర్యామ్, 320 గిగాబైట్ల డిస్క్, విండోస్ పక్కన సీ-డ్యాక్ వారి బాస్ లైనక్స్‌తో యంత్రం వచ్చింది. కోత వేళల్లో సొంత బ్యాటరీతో నడిచేది కాబట్టి ఆ జిల్లాకు సరిగ్గా అతికిన స్పెసిఫికేషన్ అదే. ఆ తర్వాత ఇంటికి డెస్క్‌టాప్ కొనేవాళ్లు తగ్గారు. కొనేవాళ్లు తెలిసి కొన్నారు: ట్యూషన్ చెప్పేవాళ్లు, ఇంటి నుంచి డీటీపీ చేసేవాళ్లు, ఆటలాడే కుర్రాళ్లు.

ఇటీవలి మార్పుల్లో అన్నిటికన్నా పెద్దది ఎస్ఎస్‌డీ. పాత సిస్టంకు హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ వేస్తే కనిపించే తేడా, ఏ ప్రాసెసర్ మార్పులోనూ కనిపించదు. ఏఎండీ 2018లో తెచ్చిన రైజెన్ 3 2200జీ, 2021లో తెచ్చిన రైజెన్ 5 5600జీ విడి గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేని ఇళ్లకు మేలు చేశాయి. ఇంటెల్ వైపు ఒక్క అక్షరం చూసుకోవాలి. ఐ3-12100 కన్నా ఐ3-12100ఎఫ్ చవక, కానీ ‘ఎఫ్’ ఉన్నదానిలో గ్రాఫిక్స్ ఉండదు. కార్డు కొనకపోతే తెర మీద బొమ్మే రాదు.

బెంగళూరు ఆఫీసులు వాడి వదిలేసిన బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లు ఎస్పీ రోడ్డులో చవగ్గా దొరుకుతాయి. గట్టి యంత్రాలే. వాటికి గండం 2025 అక్టోబరు 14న వచ్చింది, విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ఆ రోజుతో ముగిసింది. విండోస్ 11 కావాలంటే ఇంటెల్ ఎనిమిదో తరం ప్రాసెసరో, ఆపైదో ఉండాలి, టీపీఎం 2.0 అనే భద్రతా విభాగం ఉండాలి. నాలుగో తరం ఐ5 ఎంత చవగ్గా వచ్చినా, దాని మీద లైనక్స్ వేసుకునేవాళ్లకే అది బేరం. లైనక్స్‌లో తెలుగు ఇప్పుడు లోటు లేదు, హైదరాబాద్ స్వేచ్ఛ వంటి బృందాలు ఏళ్ల తరబడి చేసిన అనువాదాల ఫలం అది.

2025 చివర్లో కృత్రిమ మేధ డేటా సెంటర్లు మెమరీ చిప్పులన్నీ లాగేసుకోవడంతో ర్యామ్ ధరలు ఎగబాకాయి. డిసెంబరులో మైక్రాన్ తన క్రూషియల్ చిల్లర వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. ఇప్పుడు ఇంటికి కొనేవాళ్లు 16 గిగాబైట్లు ఒక్కసారే వేయించలేకపోతే, నాలుగు స్లాట్ల బోర్డు తీసుకుని 8తో మొదలుపెట్టి మిగతావి ఖాళీగా ఉంచుకోవడం మేలు. 512 గిగాబైట్ల ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ, స్టిక్కర్ కాక 80 ప్లస్ గుర్తున్న ఎస్ఎంపీఎస్, 600 వీఏ యూపీఎస్ ఆ తర్వాతి వరుసలు. ప్రాసెసర్‌కు మూడేళ్లు, చాలా ఎస్ఎస్‌డీలకు ఐదేళ్లు అని వారంటీలు వేర్వేరుగా నడుస్తాయి కనుక ప్రతి భాగం సీరియల్ నంబరూ బిల్లు మీద రాయించుకోవాలి. బెంగళూరులో కొన్న బోర్డుకు సేలంలో సర్వీస్ సెంటర్ ఉందో లేదో డబ్బు కట్టకముందే అడగాలి.